రెండు గడియలు

మూడుసార్లు వచ్చాను ఈ రేవుకి.
మూడుసార్లూ లైను బాగానే ఉంది.
నేను పంటెక్కి వెనక్కి తిరగ్గానే
పడిపోయిందని ఫోను.

వశిష్ఠ పాయకి ఉప్పు రుచి తగిలే చోట
ఇటు ఐసు ఫ్యాక్టరీ డాబా మీద ఒక తెల్ల పళ్లెం,
అటు రొయ్యల షెడ్డు మీద ఇంకోటి,
ఎదురెదురుగా.
మధ్యలో కిలోమీటరుంపావు నీళ్లు.
కేబులు వేద్దామంటే ఏటి అడుగున ఎవడేస్తాడు,
వేసినా పడవల లంగర్లు ఊరుకుంటాయా.

అటు కాటా మీద రొయ్య తూగితే
ఇటు ఆఫీసులో అంకె పడాలి.
అంతే పని.
అంకె పడనప్పుడు గుమస్తా భాస్కరం చీటీ రాస్తాడు,
రాసేటప్పుడు కొన్ని గ్రాముల్ని
తడి కింద తీసేస్తాడు.

షావుకారుకి చెప్పాను, ఇది తాడు కాదండీ,
పళ్లెం నుంచి పళ్లేనికి బిగించి కట్టడానికి.
దోనె లాంటిది. రెండు కొసలా సన్నం, నడుమ లావు.
ఆ లావుకి చోటివ్వాలి, కొబ్బరి మట్ట తగలకూడదు.
దింపులవాడు వీర్రాఘవులు చెట్టెక్కి
నాలుగు మట్టలు నరికి, గెల మాత్రం వదిలేసి దిగాడు.
"కాయలకేం అడ్డొస్తుందిలెండి" అన్నాడు.
మర్నాడూ పడింది.

గాలి అన్నారు. వోల్టేజి అన్నారు.
పళ్లెం మీద వాలే కొంగనన్నారు.
స్తంభం ఇంకో పదడుగులు పెంచమన్నాడు షావుకారు,
ఎత్తు పెరిగితే ఏదైనా బాగుపడుతుందని ఆయన నమ్మకం.

నాలుగోసారి షెడ్డులోకి వెళ్లాను, మంచినీళ్లకి.
ఐసులో నాని తెల్లగా ముడతలు పడ్డ వేళ్లతో
రొయ్య తలలు తుంచుతున్నారు ఇరవైమంది.
నూకరత్నం తలెత్తకుండానే అంది,
"ఆ గోడ చూడండి బాబూ."

బొగ్గు గీతలు. పదకొండు.
లైను పడిన ప్రతిసారీ ఒకటి,
చూరు సందులోంచి దిగిన ఎండ ఎక్కడుంటే అక్కడ.
ఎంతసేపు పడితే అంత పొడుగు.
కూలీ కోసుకుపోయిన పూటలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి.
మొదటిది అమావాస్యది, పొద్దున్న ఎనిమిదింటిది.
తర్వాతది కాస్త పక్కకి, ఆ తర్వాతది ఇంకాస్త.
నేను ఫోనులో లెక్కేసుకుంటుంటే ఆవిడే అంది,
"రోజుకి రెండు గడియలండి. పోటు ఎలా జరుగుద్దో అలాగే.
అష్టమిది చూడండి, పొట్టి గీత.
ఆ రోజు ఏరు సరిగ్గా పొంగదు కదా, ఆయ్."

చేతిలో స్పానరుతో నిలబడిపోయాను.

నీళ్లు అద్దమవుతాయని చదివాను.
సూటిగా వచ్చే మాట ఒకటి, నీటిని తాకి లేచే మాట ఒకటి,
రెండూ చేరేచోట ఒకదాన్నొకటి మింగేస్తాయని చదివాను,
పరీక్షలో రాశాను కూడా.
ఏటి ఒడ్డున పుట్టిన వాణ్ణి,
ఏరు పొద్దుకో ఎత్తున ఉంటుందని
లెక్కలో వేసుకోలేదు.

స్తంభం పెంచలేదు. దించాను.
షెడ్డు వైపు పళ్లేన్ని ఏడడుగులు కిందకి,
ఏటిగట్టు చాటుకి.
నీటి మీంచి లేచొచ్చేది గట్టుకి కొట్టుకుని ఆగిపోవాలి,
సూటిగా వచ్చేది గట్టు తల మీంచి దాటాలి.
"పైకి పెట్టమంటే కిందకా?" అని షావుకారు
రెండు రోజులు మాట్లాడలేదు.

నాలుగు రోజులు ఆగి పౌర్ణమి పోటు చూశాను.
రేవు మెట్లన్నీ మునిగాయి.
కాటా మీద బుట్ట పెట్టారు.
పన్నెండు కిలోల మూడువందల నలభై.
ఇటూ అదే పడింది.
ఆ నలభై కూడా.

బిల్లులో ఒక వరుస రాశాను:
సర్వే కూలి, నూకరత్నం గారికి, పదకొండు రోజులు.
షావుకారు ఎర్రసిరాతో కొట్టేసి మిగతాదిచ్చాడు.
నా డబ్బులోంచి తీసివ్వబోతే
చేతులు ఐసులోంచి తియ్యలేదు ఆవిడ.
"మా గ్రాములు ఆయన దగ్గరున్నాయి బాబూ,
మీ దగ్గర కాదు."

వచ్చే అమావాస్యలోపు ఆ గోడకి సున్నం వేయిస్తారట.
దగ్గరగా వెళ్లి ఫోటో తీసుకున్నాను,
ఒక్కో గీతా విడివిడిగా, తర్వాత గోడంతా.
పంటు కదిలింది, పోటుకి ఎదురు,
నెమ్మదిగా.